ముద్దాయి తరఫున లీగల్ ఎయిడ్ కేసు వచ్చింది, ఇంట్లో వద్దంటున్నారు

మట్టిదారి:

అందరికీ నమస్తే. నేను లాయర్ని. జిల్లా కోర్టులో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులో, అంటే స్తోమత లేని ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే ఆఫీసులో, అసిస్టెంటుగా ఈమధ్యే చేరాను. అంతకుముందు ఒక సివిల్ సీనియర్ దగ్గర ఉన్నాను, పార్టిషన్ దావాలు, ఇంజంక్షన్లు, నాకు తెలిసిందల్లా అదే. ఇప్పుడు మా చీఫ్ గారు ఒక పోక్సో కేసు (పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు) ఫైలు నా టేబుల్ మీద పెట్టారు. వాదించేది ఆయనే. జైలుకెళ్లి ముద్దాయితో మాట్లాడటం, చార్జిషీటు చదివి నోట్స్ రాయడం, క్రాస్‌కి, అంటే ఎదుటి పక్షం సాక్షులను అడగడానికి, ప్రశ్నలు తయారు చేయడం నా పని. అతనికి లాయరును పెట్టుకునే స్తోమత లేదు, అతని కోసం కోర్టు మెట్లెక్కే మనిషీ లేడు. కేసు వివరాలు ఇక్కడ ఏమీ రాయను, దయచేసి అడగొద్దు.

సంగతి ఇంట్లో తెలిసిపోయింది. అమ్మ ముభావంగా ఉంటోంది. "ఆడపిల్లవై ఉండి అలాంటివాడి తరఫున ఎలా నిలబడతావే" అంటోంది. ఉద్యోగం మానాలని నాకు లేదు. అలాగని అమ్మ మాటను తేలిగ్గా తీసేయనూ లేను, ఎందుకంటే ఆ 164 స్టేట్‌మెంట్, అంటే పిల్ల మేజిస్ట్రేటు ముందు చెప్పింది, చదివిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. ఇలాంటి కేసులు చేసినవాళ్లు, బాధితుల వైపు పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే మనసులో ఉన్నది చెప్పండి. పని ఎలా చేయాలో కూడా చెప్పండి.

నాగావళి:

మీ అమ్మగారి మాటలో తప్పేముందో నాకు అర్థం కాలేదు. నేను టీచర్ని. మా స్కూల్లో ఒక పిల్ల విషయంలో సాక్షిగా కోర్టుకు వెళ్లాను. వరండాలో ఆ పిల్ల తల్లి చెయ్యి వదలకుండా కూర్చుంది, నీళ్లు ఇస్తే కూడా తాగలేదు. లోపల ముద్దాయి లాయరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఆ అమ్మాయి క్లాసులో మగపిల్లలతో చనువుగా ఉండేదా?" అని. దానికీ కేసుకీ ఏం సంబంధం? అప్పటినుంచి ఈ కేసుల్లో డిఫెన్స్ లాయరు అంటే నాకు మంట. ఎవరికైనా లాయరు ఉండాలి అనే మాట వినడానికి బాగుంటుంది, కానీ ఆ లాయరు చేసే పని ఇది. చేయాల్సివస్తే ఎవరో ఒకరు చేస్తారు, మీరే ఎందుకు?

పాతబెంచీ:

మట్టిదారి అమ్మా, నేను సెషన్స్ కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. లాయర్లు చెప్పేది వేరు, బెంచి కింద కూర్చుని చూసినవాడు చెప్పేది వేరు, కాబట్టి నా మాట కూడా వినండి.

పూర్వం ముద్దాయికి లాయరు లేకపోతే కోర్టే ఎవరినో ఒకరిని పిలిచి అప్పగించేది. ఆయనకు ఫైలు అందేది చాలాసార్లు సాక్షి వచ్చిన రోజు పొద్దున్నే. వరండాలో నిలబడి నాలుగు కాగితాలు తిరగేసేవాడు. పీపీ గారు, అంటే ప్రభుత్వ లాయరు, తన సాక్షిని అడగాల్సినవి అడిగి కూర్చోగానే జడ్జి గారు ఇటు చూసేవారు. ఈయన లేచి "నో క్రాస్ సార్" అనేవాడు. టైపిస్టు డిపాజిషన్ (సాక్షి చెప్పింది రాసిన కాగితం) కింద "క్రాస్: నిల్" అని కొట్టి కాగితం లాగేవాడు. ఒక మనిషి జీవితకాలం జైల్లో ఉండాల్సిన కేసులో ముఖ్యసాక్షి దగ్గర అలాంటి కాగితాలు నా చేతుల మీదుగా నేను కుట్టాను.

అప్పుడు అందరూ పని త్వరగా అయిందని సంతోషించేవాళ్లు. కొన్నేళ్లకు అప్పీల్లో హైకోర్టు ఫైలు చూసి ముద్దాయికి సరైన లాయరు సాయం దొరకలేదు, మళ్లీ విచారించండి అని వెనక్కి పంపితే, అప్పటికి ఆ అమ్మాయికి పెళ్లయి బిడ్డను ఎత్తుకుని సమన్లు పట్టుకుని వచ్చేది. మళ్లీ అదే చెప్పాలి. ఆ పిల్ల ముఖం చూడలేకపోయేవాళ్లం. మొదటిసారే ఎవరైనా సరిగ్గా క్రాస్ చేసి ఉంటే ఈ రెండో రాక ఉండేది కాదు.

మధ్యప్రదేశ్ ఖండ్వాలో 2013లో ఒక చిన్నపిల్లపై అత్యాచారం, హత్య కేసు నడిచింది, సుప్రీంకోర్టు తీర్పు పేరు అనోఖీలాల్. చార్జి ఫ్రేం చేసిన రోజే, అంటే కోర్టు అభియోగాలు ఖరారు చేసిన రోజే, లాయరును ఇచ్చారు, రెండు వారాలు కూడా తిరగకుండా ఉరిశిక్ష పడింది. 2019 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసి మళ్లీ మొదట్నుంచి విచారించమంది. ఇంత తొందరలో ఆ లాయరు ఫైలు చదవడానికైనా, ముద్దాయితో మాట్లాడటానికైనా టైం ఎక్కడ దొరికింది అన్నది ప్రశ్న. యావజ్జీవం లేదా ఉరి పడగల కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లనే ఇవ్వాలని, తయారీకి మామూలుగా కనీసం 7 రోజులైనా ఉండాలని అప్పుడే చెప్పింది. మీ చీఫ్ గారు తానే వాదిస్తాననడానికి కారణం అదే అయి ఉంటుంది. చివరికి అతను 2024లో నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆలోచించండి, రెండు వారాల్లో న్యాయం అయిపోయిందనుకున్న ఆ పిల్ల తల్లిదండ్రులకు పదకొండేళ్ల తర్వాత చేతిలో ఏం మిగిలింది?

చదువరి:

లా రెండో సంవత్సరం. ఒక డౌట్. పెద్ద కేసులు వచ్చినప్పుడు బార్ అసోసియేషన్ వాళ్లు "నిందితుల తరఫున ఎవరూ వాదించకూడదు" అని తీర్మానం చేస్తారు కదా, అది చెల్లుతుందా?

నల్లకోటు:

చెల్లదు. 2010 డిసెంబర్‌లో మహమ్మద్ రఫీ వర్సెస్ తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అలాంటి తీర్మానాలన్నీ శూన్యం, లాయరు వృత్తి ధర్మానికే విరుద్ధం అని. రాజ్యాంగం 22వ అధికరణలో అరెస్టయిన ప్రతివాడికీ తనకు నచ్చిన లాయరు ద్వారా వాదించుకునే హక్కు ఉంది, నేరం పేరును బట్టి అందులో మినహాయింపు లేదు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. బార్ కౌన్సిల్ నియమాల్లో ఇంకో మాట ఉంది, మట్టిదారి గారు దీన్ని ప్రింటు తీసి పెట్టుకోండి: ముద్దాయి తప్పు చేశాడా లేదా అన్న సొంత అభిప్రాయంతో సంబంధం లేకుండా లాయరు అతన్ని డిఫెండ్ చేయాలి, ఎందుకంటే తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదనే చట్టానికి లాయరు విధేయుడు.

ఇదంతా పుస్తకం. మన దగ్గర జరిగింది చెప్తాను. 2019 నవంబర్‌లో దిశ ఘటన. ఆ రోజుల్లో నా కడుపు కూడా రగిలిపోయింది, అది దాచను. షాద్‌నగర్ బార్ అసోసియేషన్ నిందితుల తరఫున ఎవరూ నిలబడకూడదని నిర్ణయించింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా ఉంది. ఒక్క డిఫెన్స్ లాయరు మొదటి రిమాండ్ రోజు ఆ పక్కన నిలబడి ఉంటే అడిగే మొదటి ప్రశ్న వయసు ఎంత, కాగితం ఏది అనే కదా. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చే వీలు కూడా లేదు.

ఇంకోటి మన ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు. 2007 డిసెంబర్‌లో ఒక విద్యార్థినిపై అత్యాచారం, హత్య. 2008లో ఒక యువకుడిని అరెస్టు చేశారు, 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసి నష్టపరిహారం కూడా ఇమ్మంది. అతను అసలు నేరస్థుడు కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొదట్నుంచీ మొత్తుకున్నారు. కేసు మళ్లీ 2018లో సీబీఐకి వెళ్లింది. నాగావళి గారూ, "మీరే ఎందుకు" అని అడిగారు. ఆ అమ్మాయి తల్లి కోసం అని నేను చెప్తాను. తప్పు మనిషి జైల్లో ఉన్నన్నాళ్లూ అసలువాడి కోసం వెతికేవాడే ఉండడు.

నాగావళి:

నల్లకోటు గారు, మీరు చెప్పిన కేసులు నాకూ తెలుసు, ఆ తల్లి టీవీలో మాట్లాడటం నేనూ చూశాను. కాదనను. కానీ నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు. వయసు కాగితం అడగండి, రక్తం రిపోర్టు అడగండి, ఎవరు వద్దన్నారు. పిల్ల ఎలాంటి బట్టలు వేసుకుంది, ఎవరితో మాట్లాడింది, ఇంతకుముందు ఎవరితోనైనా తిరిగిందా, ఇవి ఎందుకు అడుగుతారు? 2012 ఢిల్లీ ఘటనలో దోషుల లాయర్లు కెమెరా ముందు ఆడవాళ్ల గురించి మాట్లాడిన మాటలు దేశమంతా విన్నది. అవి డిఫెన్సా?

నల్లకోటు:

కాదు. ఆ మాటలు డిఫెన్స్ కాదు, వాళ్లకు 2015లో బార్ కౌన్సిల్ నోటీసులు ఇచ్చింది కూడా అందుకే. మిమ్మల్ని అడిగిన ఆ ప్రశ్నను జడ్జి గారు అక్కడికక్కడే ఆపాల్సింది, పీపీ లేచి అభ్యంతరం చెప్పాల్సింది. బాధితురాలి నడవడికను, గతాన్ని తవ్వే ప్రశ్నలకు 2003లో సాక్ష్య చట్టంలో చాలావరకు తలుపు మూశారు, 2013 సవరణతో సమ్మతి ప్రశ్న వచ్చిన కేసుల్లో పూర్వ లైంగిక అనుభవం అసలు లెక్కలోకి రాదని 53ఏ చేర్చారు. కొత్త సాక్ష్య అధినియమంలోనూ అవే కొనసాగాయి. పోక్సోలో 33వ సెక్షన్ ఇంకా గట్టిది, పిల్లను దబాయించే ప్రశ్నలు, వ్యక్తిత్వాన్ని కించపరిచే ప్రశ్నలు వేయనివ్వకూడదు. బాధితురాలికి పూర్వ లైంగిక అనుభవం ఉందో లేదో చూడటానికి డాక్టర్లు చేసే రెండు వేళ్ల పరీక్ష సంగతి కూడా అంతే, 2013లో సుప్రీంకోర్టు తప్పని చెప్పింది, 2022 అక్టోబర్‌లో ఇకపై చేసే డాక్టరుది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని హెచ్చరించింది.

నా అనుభవంలో అలాంటి ప్రశ్నలు వేసేది ఫైలు చదవని లాయరు. చార్జిషీటులో ఎక్కడ ఏముందో తెలియదు, క్లయింటు వాళ్లు వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నారు, గట్టిగా ఏదో ఒకటి అరవాలి. దాంతో కేసు గెలవడు, పైగా జడ్జికి ముద్దాయి మీద ఇంకా కోపం పుట్టిస్తాడు.

తోడునీడ:

ఈ చర్చ చూస్తూ ఆగలేక రాస్తున్నాను. నేను పోక్సో కేసుల్లో సపోర్ట్ పర్సన్‌గా పనిచేస్తాను. స్టేషన్ నుంచి తీర్పు దాకా పిల్ల పక్కన ఉండేదాన్ని. అంటే మట్టిదారి గారికి ఎదురు వైపు.

నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. నాకు భయం వేసేది మంచి డిఫెన్స్ లాయరును చూసి కాదు. వాయిదాలు అడిగే లాయరును చూసి. పిల్లను తీసుకుని పొద్దున్నే వస్తాం, స్కూలు మానిపించి. మధ్యాహ్నం దాకా కూర్చుంటాం. సార్‌కి ఇంకో కోర్టులో పని ఉంది అని వాయిదా. మళ్లీ వస్తాం, సార్‌కి ఒంట్లో బాలేదు. పిల్ల సాక్ష్యం కోర్టు కేసు తీసుకున్న 30 రోజుల్లో అయిపోవాలని చట్టంలో 35వ సెక్షన్ ఉంది. ప్రతి వాయిదాకి ముందు రాత్రి ఆ పిల్ల పక్క తడుపుతుంది, అది ఏ డిపాజిషన్‌లోనూ రాయరు.

రెండోది రాజీ. ఊళ్లో పెద్దమనుషులు, వాళ్లతో పాటు ఒక లాయరు గుమస్తా. డబ్బు తీసుకోండి, పిల్ల భవిష్యత్తు చూసుకోండి, కోర్టులో గుర్తులేదని చెప్పమనండి అంటారు. ఇది ఏ చట్టంలోనూ లేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్ కేసులో రాజీ పేరుతో పోక్సో కేసు కొట్టేయడం కుదరదని చెప్పింది. మట్టిదారి గారూ, మీ ముద్దాయి బంధువు ఎవరైనా వచ్చి "అటువాళ్లతో మాట్లాడమంటారా" అని అడిగితే వద్దని అక్కడే గట్టిగా చెప్పండి. ఒక్క ఫోన్ చేసినా బెయిల్ పోతుంది, సాక్షిని బెదిరించాడని ఇంకో కేసు.

మంచి లాయరు ఎలా ఉంటాడో కూడా చూశాను. ఒక పెద్దాయన, పిల్ల చెప్పినదాన్లో ఒక్క మాట కూడా అబద్ధం అనలేదు. ఆమెతో చాలా తక్కువ అడిగాడు. తర్వాత ఇన్వెస్టిగేషన్ ఆఫీసరును నిలబెట్టి గంటల తరబడి అడిగాడు, ఆ సాయంత్రం గదిలో ఇంకెవరున్నారు, వాళ్ల స్టేట్‌మెంట్ ఎందుకు తీసుకోలేదు అని. శిక్ష పడింది. అప్పీల్లో కూడా నిలబడింది. ఆ పిల్ల మళ్లీ కోర్టు ముఖం చూడలేదు. అంత గట్టిగా పరీక్షించాక నిలబడిన తీర్పు కాబట్టి నిలబడింది అని నేను నమ్ముతాను.

రాతికోట:

నా తమ్ముడి మీద పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడని కేసు పెట్టారు. కోర్టు నిర్దోషి అంది. ఇలాంటివాళ్లు వంద మంది ఉన్నారు సార్, ఎవరూ మాట్లాడరు. కేసు పెట్టిన రోజే ఊరంతా తీర్పు చెప్పేసింది. టీవీలో ఫొటో, వాడు పనిచేసే చోట ఉద్యోగం పోయింది, నాన్న బయటికి వెళ్లడం మానేశారు.

ఇలాంటి పరిస్థితిలో ఇరుక్కున్న కుటుంబాలకి నాలుగు మాటలు చెప్పాలని ఉంది, మాకు చెప్పేవాళ్లు లేక నష్టపోయాం. స్టేషన్‌కి పిలిస్తే లాయరుతో వెళ్లండి. "నిజం ఒప్పుకుంటే చిన్న కేసు చేస్తాం" అంటారు, నమ్మొద్దు. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు, కానీ దాన్ని పట్టుకుని వాళ్లు కేసంతా అల్లుకుంటారు. ఫోన్లో ఉన్నది ఏదీ తుడిచేయొద్దు. మెసేజ్‌లు మనకు చెడు చేస్తాయనిపించినా సరే, తీసేస్తే సాక్ష్యం మాయం చేశాడంటారు, పైగా మనకు పనికొచ్చేవి కూడా అందులోనే పోతాయి. తమ్ముడి విషయంలో రెండేళ్ల చాటింగు ఉంది, పెళ్లి మాట నిజంగానే అనుకున్నారని, తర్వాత రెండు కుటుంబాల మధ్య కులం దగ్గర చెడిందని అందులోనే తెలుస్తుంది. మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశంతో ఇచ్చిన మాట వేరు, ఇచ్చి నిలబెట్టుకోలేకపోయిన మాట వేరు అని సుప్రీంకోర్టు 2019లో ప్రమోద్ పవార్ కేసులో చెప్పింది, మా లాయరు దానిమీదే నిలబడ్డాడు. సీసీటీవీ కావాలంటే ఆ వారంలోనే కోర్టులో పిటిషన్ వేయించండి, ఆ తర్వాత రికార్డింగు మీద కొత్త రికార్డింగు పడిపోతుంది. ఫేస్‌బుక్‌లో ఆ అమ్మాయి గురించి ఒక్క ముక్క రాయొద్దు. మా బాబాయి కొడుకు కోపంలో ఆమె పేరు పెట్టి పోస్టు వేశాడు, బాధితురాలి పేరు బయటపెట్టినందుకు వాడి మీద వేరే కేసు పడింది.

ఈ కేసుల్లో సగం అబద్ధమే అని నా అభిప్రాయం.

తోడునీడ:

రాతికోట అన్నయ్యా, మీ కుటుంబం పడ్డది తక్కువ కాదు. మీరు చెప్పిన జాగ్రత్తలు కూడా ఒక్కోటి నిజం. కానీ ఆ చివరి వాక్యం ఒప్పుకోను. కోర్టు నిర్దోషి అన్న ప్రతి కేసూ తప్పుడు కేసు కాదు. సాక్షి భయపడి ఎదురు తిరిగినా కొట్టేస్తారు, శాంపిల్ పాడైనా కొట్టేస్తారు, రాజీ కుదిరినా పిల్ల నోరు విప్పదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు కేసు పెట్టడానికే నెలలు పడుతుంది. మీ తమ్ముడి తీర్పు మీ తమ్ముడిది, దాన్ని తీసుకెళ్లి వాళ్ల మీద పెట్టకండి.

రాతికోట:

సరే అమ్మా. లెక్క నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. బాధలో వచ్చింది.

చదువరి:

నల్లకోటు సార్, పోక్సోలో 29వ సెక్షన్ చదివాను. నేరం చేశాడనే కోర్టు భావించాలి, కాదని ముద్దాయే రుజువు చేసుకోవాలి అని ఉంది. అలాంటప్పుడు డిఫెన్స్ లాయరు చేయడానికి ఏం మిగిలింది?

నల్లకోటు:

చాలా మిగిలింది. ఆ భావన గాల్లోంచి రాదు. ముందు ప్రాసిక్యూషన్ పునాది అంశాలు నిలబెట్టాలి, అమ్మాయి వయసు 18 లోపు అని, ఘటన జరిగిందని నమ్మదగిన సాక్ష్యం. అది నిలబడితేనే 29 పనిచేస్తుందని హైకోర్టులు పదేపదే చెప్పాయి. ఆ తర్వాత కూడా ముద్దాయి అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, తను చెప్పేదే నిజమయ్యే అవకాశం ఎక్కువ అని చూపిస్తే చాలు.

మట్టిదారి గారికి కూడా పనికొస్తుంది కాబట్టి పని చెప్తాను. ముందు కాపీలు. సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ 230వ సెక్షన్ ప్రకారం ముద్దాయి హాజరైన 14 రోజుల్లోగా స్టేట్‌మెంట్లు, డాక్యుమెంట్లు అన్నీ ఉచితంగా ఇవ్వాలి. ఇచ్చినట్టు సంతకం పెట్టించుకుంటారు, తీరా చూస్తే పేజీలు ఉండవు, ఉన్నవి చదవరావు. సంతకానికి ముందే లెక్కపెట్టండి, లేనివాటికి మెమో వేయండి.

తర్వాత వయసు. చాలా కేసులు ఇక్కడే అటో ఇటో అవుతాయి, ముఖ్యంగా పదిహేడు, పద్దెనిమిది దగ్గర ఇద్దరూ ఇష్టపడి వెళ్లిపోయిన కేసులు. 18 లోపు అయితే సమ్మతి లెక్కలోకి రాదు, అంతే, కాబట్టి వయసే అసలు పోరాటం. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఉంది. స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతిది, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీది, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. 2023లో యువప్రకాష్ కేసులో ప్రాసిక్యూషన్ స్కూలు టీసీ మీద ఆధారపడింది. అది ఆ సెక్షన్ చెప్పిన కాగితం కాదని సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ ఉండొచ్చు, ఆ తేడా ముద్దాయికి ఎటు పనికొస్తుందో చూడండి.

ఆ తర్వాత ల్యాబు. ఒక కాగితం మీద తేదీలు వరసగా రాయండి. బట్టలు ఏ రోజు సీజ్ చేశారు, పంచనామాలో మధ్యవర్తులు ఎవరు, సీలు ఎవరిది, స్టేషన్ ప్రాపర్టీ రిజిస్టర్‌లో ఏ రోజు ఎక్కింది, ఏ కానిస్టేబుల్ తీసుకెళ్లాడు, ల్యాబువాళ్లు ఏ రోజు అందుకున్నారు, అందుకున్నప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందని రాశారా. సీజ్ చేసిన రోజుకీ ల్యాబుకు చేరిన రోజుకీ మధ్య నెలన్నర ఉండి, ఆ నెలన్నర ఆ మూట ఎక్కడుందో ఒక్క సాక్షీ చెప్పకపోతే, అక్కడ నిలబడండి. ఇంకెక్కడా నిలబడక్కర్లేదు. ఒకవేళ అన్నీ సక్రమంగా ఉండి డీఎన్‌ఏ కలిసిందంటే, అది కూడా ముద్దాయికి దాచకుండా చెప్పాలి. క్లయింటుకు అబద్ధపు ఆశ ఇవ్వడం కూడా ద్రోహమే.

ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి జరగలేదు అనే వాదన మాత్రం పెట్టుకోకండి. అది ఎప్పుడో చచ్చిన వాదన, గాయం లేకపోవడం దేనికీ రుజువు కాదు. బాధితురాలి ఒక్కరి సాక్ష్యం నమ్మదగినదైతే అదొక్కటే చాలు, 1996 గుర్మీత్ సింగ్ తీర్పు నుంచీ ఇదే చట్టం. కాబట్టి ఆమె మాటకు మిగతా సాక్ష్యం ఎక్కడ అతకడం లేదో చూడాలి, ఆమె మనిషి ఎలాంటిదో కాదు.

చివరగా ముద్దాయిని కోర్టు అడిగే ప్రశ్నలు, సీఆర్పీసీలో 313వ సెక్షన్, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 351. మన దగ్గర అన్నిటికీ "అబద్ధం" అని చెప్పించి ముగిస్తారు. అతను ఆ రోజు ఎక్కడున్నాడో చెప్పుకోవడానికి నేరుగా దొరికే ముఖ్యమైన అవకాశం అది, దాన్ని వృథా చేయకండి.

నియంత్రణ:

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క మనవి, నడుస్తున్న ఏ కేసులోనైనా ఊరు, స్కూలు, బంధుత్వం లాంటివి కలిపి చదివితే పిల్ల ఎవరో తెలిసిపోయేలా ఎవరూ రాయొద్దు. బాధితులెవరో బయటపెట్టకూడదనే పోక్సో 23, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ 72 సెక్షన్లు ఈ వేదికకు కూడా వర్తిస్తాయి. ఒక వ్యాఖ్య తీసేశాం.

మట్టిదారి:

అందరికీ ధన్యవాదాలు. నిన్న జైలుకు వెళ్లి వచ్చాను. ఏం మాట్లాడామో చెప్పకూడదు. ఒక్కటి మాత్రం చెప్తాను, అతని దగ్గరున్న చార్జిషీటు కాపీ మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, అతనికి చదవడం రాదు. పక్క బ్యారక్‌లో ఎవరో చదివి చెప్పారట, తప్పుగా. కాబట్టి నేను మొదట్నుంచీ చదివి వినిపించాను, ఎక్కువ సమయం దానికే పట్టింది.

అమ్మకు పాతబెంచీ గారు రాసింది చదివి వినిపించాను. ఒప్పుకుంది అనను. బిడ్డను ఎత్తుకుని రెండోసారి కోర్టుకు వచ్చిన అమ్మాయి దగ్గర మాత్రం ఆగి, మళ్లీ చదవమంది. ఈ పని నేను చేస్తున్నాను, అది తేలిపోయింది.

ఇప్పుడు నా డౌట్ పిల్లను క్రాస్ చేయడం గురించి. ప్రశ్నలు నేరుగా అడగకూడదు, జడ్జి గారి ద్వారా అడగాలి కదా. అది నిజంగా ఎలా జరుగుతుంది? మా చీఫ్ గారు సోమవారానికి ప్రశ్నలు రాసి ఇవ్వమన్నారు.

నాగావళి:

మీరు చేయడం నాకు ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు, అది నిజం. కానీ చేసేది మీలాంటివాళ్లయితే నయం. ఒక టీచరుగా చెప్తాను, చిన్నపిల్లలకు తేదీలు, గంటలు తెలియవు. "ఎన్ని గంటలకు" అంటే ఏదో ఒక నంబరు చెప్తారు, మనం సంతోషించాలని. తర్వాత ఆ నంబరు పట్టుకుని అబద్ధం చెప్పింది అనకండి.

పాతబెంచీ:

నాగావళి గారు చెప్పింది బంగారం లాంటి మాట. మట్టిదారి అమ్మా, కోర్టులో జరిగేది ఇదీ. గది తలుపులు వేసేస్తారు, సంబంధం లేనివాళ్లను బయటికి పంపిస్తారు. పిల్లకు ముద్దాయి కనపడకుండా తెర కడతారు, కొన్నిచోట్ల పక్క గదిలోంచి వీడియోలో. 33వ సెక్షన్ రెండో భాగం ప్రకారం మీ ప్రశ్న ముందు జడ్జి గారికి చేరాలి. మా దగ్గర కొందరు లాయర్లు నోటితో చెప్పేవాళ్లు, పిల్లకు ముందే వినపడేది, దాంతో ఆ ఏర్పాటుకు అర్థమే పోయేది. కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది.

ఒక ప్రశ్నలో ఒకే సంగతి ఉండాలి. "నువ్వు అక్కడికి వెళ్లలేదు, వెళ్లినా ఎవరూ లేరు, అవునా" అని రాస్తే జడ్జి గారు కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా. తేదీ బదులు "సెలవులు ఇచ్చాక జరిగిందా, ఇవ్వకముందా" అని రాయండి. గంట బదులు "అప్పటికి లైట్లు వేశారా" అని. పిల్ల స్టేట్‌మెంటులో ఏ మాట వాడిందో అదే మాట మీ ప్రశ్నలోనూ వాడండి, శరీర భాగాల పేర్లకు ముఖ్యంగా, మీరు కొత్త మాట వాడితే తికమక పడుతుంది. పోలీసుకి చెప్పినదానికీ మేజిస్ట్రేటుకి చెప్పినదానికీ తేడా ఉంటే అది పిల్లతో గొడవ పెట్టుకునే విషయం కాదు, "ఈ సంగతి పోలీసమ్మకు కూడా చెప్పావా" అని ఒక్కసారి అడిగి వదిలేయండి. మిగతాది స్టేట్‌మెంట్ రాసుకున్న ఎస్సైని అడిగి రికార్డు చేయించుకోవచ్చు. పదే పదే పిల్లను పిలిపించడం ఆ చట్టం ఒప్పుకోదు, కాబట్టి వదిలేసింది ఏదైనా ఉంటే ఆ రోజే. అడగాల్సినవి అన్నీ రాసి, వాటిలో ఎస్సైని గానీ డాక్టరును గానీ అడగగలిగినవి తీసేయండి. మిగిలినవే పిల్లకు. అవి ఒక పేజీ దాటితే మీ చీఫ్ గారికి చూపించేముందు ఇంకోసారి చూడండి.